ఈగ సాక్ష్యం ఎవరి మీద?

ఈగలు ముసిరిన చోటు పాడు చోటు అంటారు. ఎలుకలు తిరిగే చోటు గలీజు చోటు అంటారు. ఈ మాటలో తప్పేమీ లేదు. కాని చాలామంది అంతటితో ఆగిపోతారు. ఈగ మీద మందు కొడతారు, ఎలుకకు విషం పెడతారు, ఆ చోట పనిచేసే మనిషిని విసుక్కుని వెళ్లిపోతారు. ఈగ ఎందుకు వచ్చింది, దాన్ని రప్పించింది ఎవరు అని అడిగేవారు తక్కువ. మేము ఇక్కడ అడగదలుచుకున్నది అదే. పురుగూ పుట్రా ఒక చోటు గురించి నిజం చెబుతున్నప్పుడు ఆ నిజాన్ని వినవలసింది ఎవరు? విన్న తర్వాత ఎవరిని నిలదీయాలి?

చోటు అని మేము అంటున్నది చెత్తను వేరుచేసి మళ్లీ వాడకానికి పంపే పనిచోట్లను. అవి పట్నాలకే పరిమితం అనుకోవద్దు. ఆంధ్రప్రదేశ్‌లో ‘చెత్త నుంచి సంపద’ కేంద్రాలు అని పిలిచే రేకుల షెడ్లు, తెలంగాణలో పల్లె ప్రగతి కింద డంపింగ్ యార్డుల పక్కన కట్టిన సెగ్రిగేషన్ షెడ్లు మన ఏజెన్సీ పంచాయతీల్లోనూ ఉన్నాయి. కొన్ని నడుస్తున్నాయి. కొన్నిటికి తాళం వేసి ఉంటుంది, లోపల మేకలు పడుకుంటాయి. నడిచే చోట తడి చెత్తను తొట్లలో వేసి వానపాములతో ఎరువు చేస్తారు. ప్లాస్టిక్కు, అట్టలు, సీసాలు, ఇనుము వేరుచేసి మూటలు కట్టి పాత సామాన్ల వ్యాపారికి అమ్ముతారు. ఈ పని చేసేవారిని గ్రీన్ అంబాసిడర్లు అంటారు. పేరు పెద్దదే, జీతం మాత్రం పేరంత పెద్దది కాదు. వాళ్లు చాలా ఊళ్లలో మన అక్కలు, మన వదినలు, మన చిన్నాన్నలు.

మా చిన్నతనంలో ఇలాంటి షెడ్డు అవసరం పడలేదు. అన్నం అడ్డాకు విస్తట్లో, అంబలి సొరకాయ బుర్రలో, గింజలు వెదురు గంపలో. పాడైనదంతా పెంటకుప్పలోకి పోయేది, అక్కడి నుంచి పొలానికి పోయేది. ఇప్పుడు సంతలో ఉప్పు నుంచి చింతపండు దాకా అన్నీ కవర్లోనే ఇస్తున్నారు. లంబసింగిలో మంచు చూడ్డానికి, వంజంగిలో మేఘాలు చూడ్డానికి వచ్చేవాళ్లు చూసి దిగిపోతారు. వాళ్లు తాగిన సీసా, తిన్న పొట్లం కొండ మీద మిగులుతాయి. వాటిని ఏరేది మనవాళ్లే. అందుకే ఆ షెడ్డు ఎలా ఉంది అన్నది పారిశుధ్య శాఖకు వదిలేయవలసిన సంగతి కాదని మేము అనుకుంటున్నాం.

జంతువును చూసి చోటును చదవడం మనకు కొత్త విద్య కాదు. చీమలు గుడ్లు మోసుకుని మెట్టకు ఎక్కుతుంటే వాన దగ్గరపడిందని మన పెద్దలు కళ్లం సర్దుకునేవారు. గెడ్డలో రాయి తిరగేసి పీత ఉందా, తూనీగ పిల్ల ఉందా అని మన పిల్లలు ఇప్పటికీ చూస్తారు. వాళ్లు వెతికేది కూర కోసం. కాని అవి దొరికే నీరు మంచి నీరని వాళ్లకు ఎవరూ చెప్పకుండానే తెలుసు. శాస్త్రజ్ఞులు కూడా వాగు ఆరోగ్యాన్ని ఇలాగే అంచనా కడతారు. కొన్ని పురుగుల పిల్లలు ప్రాణవాయువు తగ్గిన నీటిలో బతకలేవు. మురుగు కలిస్తే అవి పోతాయి, ఎర్రటి సన్న పురుగులు మిగులుతాయి. ఏది ఉంది, ఏది లేదు అన్న లెక్కే పరీక్ష.

పీత మనకు నచ్చిన సాక్షి. తూనీగ కూడా అంతే. ఎలుక, ఈగ, దోమ, బొద్దింక అలా కాదు, అవి మనకు హాని చేస్తాయి. హాని చేసేదాని మాట సాక్ష్యంగా చెల్లుతుందా? ఊరి పంచాయితీలోనైతే ఈ ప్రశ్న ముందే వచ్చేది. చెల్లుతుందనే మా అభిప్రాయం. ఎందుకంటే ఎలుకకు మనతో పగా లేదు, ప్రేమా లేదు. దానికి తిండి, తడి, దాక్కునే చోటు కావాలి. ఆ మూడూ ఎక్కడ ఉన్నాయో అది చెప్పే మాటలో అబద్ధం ఉండదు. తనిఖీ రిజిస్టరులో ఉండవచ్చు.

ఈగ సంగతి చూద్దాం. ఇంటి ఈగ ఒక విడతకు 100 నుంచి 150 దాకా గుడ్లు పెడుతుంది. వేడి రోజుల్లో 7 నుంచి 10 రోజుల్లో గుడ్డు ఈగ అవుతుంది. గుడ్డు పెట్టడానికి దానికి తడిగా ఉండి కుళ్లుతున్న పదార్థం కావాలి. బాగా ఎండినదానిలో దాని పిల్ల బతకదు. సరిగ్గా మగ్గుతున్న ఎరువు కుప్ప లోపల 55, 60 డిగ్రీల వేడి పుడుతుంది. ఆ వేడికి ఈగ పిల్ల చస్తుంది, లేదా చల్లగా ఉన్న అంచులకు పాకి తప్పించుకుంటుంది. కనుక షెడ్డులో ఈగలు పెరిగాయంటే కుప్ప వేడెక్కలేదు, లేదా దాన్ని తిరగవేయలేదు, లేదా తడి చెత్త వారం పైబడి కదలకుండా పడి ఉంది. ఇక్కడ గమనించవలసింది ఒకటుంది. ఈ రోజు ఎగురుతున్న ఈగ పోయిన వారం సంగతి చెబుతోంది. పోయిన వారం బండి రాలేదు, పోయిన వారం పనివాళ్లు ఇద్దరే వచ్చారు, పోయిన వారం వాన నీరు తొట్టిలోకి దిగింది. ఈ రోజు మందు కొడితే పోయిన వారం మారదు.

అన్ని ఈగలూ ఒకే మాట చెప్పవు. పచ్చగా మెరిసే పెద్ద ఈగ వచ్చిందంటే కోడి వ్యర్థాలో, చేపల పొట్టో, చచ్చిన జంతువో తడి చెత్తలో కలిసింది. కల్లు కుండ చుట్టూ మూగే చిన్న ఈగ మీ అందరికీ తెలుసు, అది పులుపు చెబుతుంది. పండ్లు, కూరగాయలు గాలి ఆడకుండా పులిసిపోతున్నాయన్నమాట. వానపాముల తొట్టిలో చీమలు చేరితే తడి తక్కువైంది. ఇవన్నీ ఖరీదైన పరికరం లేకుండా తెలిసే విషయాలు. జీలుగు కల్లు దించే ఇంటి పిల్లవాడికి మేము చిన్న ఈగ గురించి పాఠం చెప్పడం హాస్యాస్పదం. అతడే మాకు చెప్పాలి.

దోమది ఇంకో రకం చదువు. మన్యంలో మలేరియా తెచ్చే దోమ కొండగెడ్డ అంచున మెల్లగా పారే తేట నీటిలో గుడ్లు పెడుతుంది. దానికి షెడ్డుతో పనిలేదు. బోదకాలు తెచ్చే దోమ మురుగు నీటిలో పెరుగుతుంది. డెంగీ తెచ్చే చారల దోమకు మురుగు అక్కర్లేదు. పాత టైరులో, పగిలిన బకెట్టులో, పెరుగు డబ్బా మూతలో నిలిచిన వాన నీరు చాలు. దాని గుడ్లు నీరు ఎండిపోయినా నెలల తరబడి ప్రాణంతో ఉండి, మళ్లీ తడి తగలగానే పిల్లలవుతాయి. కాబట్టి షెడ్డు పక్కన పగలు కుట్టే చారల దోమ పెరిగిందంటే, అక్కడ మురుగు ఉందని అర్థం కాదు. పొడి చెత్త పైకప్పు లేకుండా వానలో పడి ఉందని అర్థం. ఈ తేడా తెలియకపోతే కాలువలో మందు పోసి, టైర్లను అలాగే వదిలేస్తాం.

టైరు విషయంలో ప్రపంచమే ఒక పాఠం నేర్చుకుంది. ఆసియా పులి దోమ అనే చారల దోమ అమెరికాలోని హ్యూస్టన్ దగ్గర 1985లో స్థిరపడినట్టు కనిపించింది. అది రెక్కలతో సముద్రం దాటలేదు. మళ్లీ వాడడానికని ఆసియా నుంచి ఓడల్లో తెచ్చిన పాత టైర్లలో గుడ్లుగా వెళ్లింది. మళ్లీ వాడడం మంచి పనే. కాని మంచి పని పేరు చెబితే సరిపోదు, అది జరిగే తీరు కూడా మంచిదై ఉండాలి. దీన్ని అక్కడ ముందుగా చెప్పింది దోమే.

ఇక ఎలుక. షెడ్డులో ఎలుక ఎక్కడి నుంచి వస్తుంది? ప్లాస్టిక్కును ఎలుక తినదు, ఇనుమును తినదు. మా మాటగా కాదు, మీరే ఒకసారి పొడి చెత్త మూట విప్పించి చూడండి. పాల ప్యాకెట్టులో చెంచాడు పాలు ఉంటాయి. బిర్యానీ డబ్బాలో అన్నం అంటుకుని ఉంటుంది. నూనె ప్యాకెట్టు జిడ్డుగా ఉంటుంది. ఇంట్లో ఒక్క చెంబెడు నీళ్లతో కడిగి ఆరేసి ఇస్తే అది పొడి చెత్త. కడగకుండా ఇస్తే అది ఎలుక భోజనం. అట్టపెట్టెల దొంతర దానికి ఇల్లు. దొంతర ఎందుకు పెరిగింది? కొనే వ్యాపారి లారీ నిండేంత సరుకు పోగుపడితే తప్ప కొండ ఎక్కి రాడు. పంచాయతీ కిందికి దింపడానికి బండి ఖర్చు పెట్టదు. మూడు నెలలు మూటలు పడి ఉంటాయి. ఎలుక పిల్లలు పెడుతుంది. ఎలుక కోసం పాము వస్తుంది. ఒక రోజు పొద్దున మూట కదపడానికి చెయ్యి పెట్టిన మనిషిని పాము కరుస్తుంది.

ఈ వరసలో తప్పు ఎక్కడ మొదలైంది? పాము దగ్గర కాదు, ఎలుక దగ్గరా కాదు. చెయ్యి పెట్టిన మనిషి దగ్గర అసలే కాదు. కడగకుండా పారేసిన ప్యాకెట్టు దగ్గర, రాని బండి దగ్గర మొదలైంది. ఎలుక సాక్ష్యం వాళ్ల మీద. కాని తనిఖీకి వచ్చినవారు దాన్ని ఎప్పుడూ పనివారి మీదికి తిప్పుతారు. “మీరు శుభ్రంగా ఉంచరు” అంటారు. సాక్షి వేలు ఒకరి వైపు చూపిస్తుంటే, శిక్ష దగ్గర్లో నిలబడి ఉన్నవాడికి పడుతోంది. మాకు ఇది నీతికి సంబంధించిన ప్రశ్నగా కనిపించేది ఇక్కడే.

మాకు తెలిసిన ఒక పంచాయతీలో పై అధికారులు వస్తున్నారంటే ముందు రోజు సాయంత్రం షెడ్డంతా బ్లీచింగు పొడి చల్లిస్తారు, ఘాటు మందు కొట్టిస్తారు. మందు కొట్టేది ఆ షెడ్డులో పనిచేసే అక్కే. ముక్కుకు చీర చెంగు కట్టుకుని కొడుతుంది. రేకుల షెడ్డులో ఆ వాయువు ఎక్కడికీ పోదు, రాత్రంతా దగ్గుతుంది. బ్లీచింగు పడిన తొట్టిలో వానపాములు చస్తాయి. మర్నాడు వచ్చినవారికి ఈగ కనిపించదు, ఫొటో బాగా వస్తుంది. పదిరోజులకు ఈగలు తిరిగి వస్తాయి. ఆ పదిరోజులూ ఆ చోటు బాగుపడినట్టు కాగితం మీద ఉంటుంది. ఆ ఫొటో చూసి పై అధికారి సంతోషించాడంటే ఆయన్ను పెద్దగా తప్పుపట్టలేం, ఆయనకు సాక్షిని చూపించలేదు. దాచినవాళ్లను తప్పుపట్టాలి.

ఈగను ఒకటే మందుతో పదే పదే కొడితే చావనివి మిగులుతాయి, వాటి పిల్లలూ చావవు. డీడీటీ వాడకం మొదలైన కొద్ది ఏళ్లకే, 1940ల చివరికే, ఇంటి ఈగల్లో ఆ మందుకు చావనివి యూరప్‌లో బయటపడ్డాయి. విషం పెట్టిన ఎలుక కథ కూడా తెలిసిందే. పొలాల్లో వాడే బ్రోమోడయోలోన్ తిన్న ఎలుక వెంటనే చావదు. కొన్ని రోజులు నీరసంగా తిరుగుతుంది, గుడ్లగూబకు సులువుగా దొరుకుతుంది. గుడ్లగూబ కూడా ఆ విషం తిన్నట్టే. ఎలుకలను ఉచితంగా పట్టే పక్షిని డబ్బిచ్చి చంపుకుంటున్నాం.

అయితే ఎలుకను చంపకూడదా అని మీరు అడగవచ్చు. ఆదివాసులకు ప్రతి ప్రాణీ దేవుడే అని పట్నంలో కూర్చుని మన గురించి రాసేవారు ఉన్నారు. మన ఇళ్ల అటకల మీద ఎలుక బోనులు ఉన్నాయని వారికి తెలియదు కాబోలు. ఎలుక మూత్రం కలిసిన నీటిలో కాలి పగుళ్లతో నిలబడి పనిచేస్తే ఎలుక జ్వరం వస్తుంది. వానాకాలంలో ఆ జ్వరం కాలేయాన్నీ మూత్రపిండాలనూ పట్టి మనిషిని తీసుకుపోగలదు. అక్క కాళ్లకు బూట్లు లేనప్పుడు ఎలుక మీద జాలి గురించి ఉపన్యాసం చెప్పే మనసు మాకు లేదు. పట్టాలి, తరమాలి, అవసరమైతే చంపాలి. మేము చెప్పేది వరస గురించి. ముందు అది ఎందుకు వచ్చిందో చూడాలి, దాన్ని రాసుకోవాలి, కారణాన్ని తొలగించాలి. ఆ తర్వాత బోను పెట్టాలి. కారణాన్ని అలాగే ఉంచి ఎలుకను మాత్రం చంపితే ఎలుక తగ్గదు, మనకు తెలిసే సంగతి మాత్రం తగ్గుతుంది.

ఎలుకను గమనించడం ప్రాణాలకు సంబంధించిన పని అని 1994లో మహారాష్ట్ర బీడ్ జిల్లాలోని మామ్లా గ్రామం చూపించింది. అంతకు ముందు ఏడాది లాతూరు భూకంపం వచ్చింది. జనం దెబ్బతిన్న ఇళ్లు వదిలి తాత్కాలిక గుడిసెల్లో ఉన్నారు, పాత ఇళ్లలో ధాన్యం ఉంది, ఎలుకలు పెరిగాయి. ఆగస్టు మొదట్లో ఎలుకలు వాటంతట అవి చచ్చి పడ్డాయి. ఎలుక ఒంటి మీద బతికే, ఎగిరి దూకే సన్న పురుగులు మనుషులను కుట్టడం మొదలుపెట్టాయి. ఆ తర్వాతే మనుషులకు గజ్జల్లో, చంకల్లో బిళ్లలు కట్టి జ్వరాలు వచ్చాయి. అది ప్లేగు. ఎలుకలు చావడం మంచిదేగా అని సంతోషించే ఊరికీ, ఎందుకు చస్తున్నాయి అని అడిగే ఊరికీ మధ్య ఉండే తేడా కొన్ని వారాలు. ఆ కొన్ని వారాల్లోనే మందులు చేరాలి.

ఇక్కడ ఒక పక్క మాట. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టానికి అయిదో షెడ్యూలు అని ఒకటి ఉండేది. కాకి, చిట్టెలుక, ఎలుక, పండ్లు తినే గబ్బిలం ఆ జాబితాలో ఉండేవి. హాని చేసే ప్రాణులని వాటికి ముద్ర. జాబితాలో పేరు ఉంటే చంపడానికి అనుమతి అక్కర్లేదు. కాని ఇప్ప గింజను అడవిలో దూరం దూరం మోసుకుపోయేవాటిలో ఆ గబ్బిలం ఒకటి. ఇప్ప చెట్టు కింద పువ్వు ఏరుకుని బతికిన మనకు అది హాని జంతువా? 2022లో చేసిన సవరణలో ఆ షెడ్యూలును తీసేశారు. ఇప్పుడు కేంద్రం ఏదైనా ఒక జంతువును ఒక ప్రాంతానికి, కొంతకాలానికి అని చెప్పి ప్రకటించవచ్చు. ఇది కొంత మెరుగు. జంతువు పుట్టుకతో హాని అని కాకుండా, ఈ చోట ఈ కాలంలో హాని అని అనవలసి వస్తుంది. చోటును చూడక తప్పదు.

పుట్టుకతో ముద్ర వేయడం అంటే ఏమిటో మన సోదర తెగలకు బాగా తెలుసు. 1871లో తెల్లవారు తెచ్చిన నేరస్త తెగల చట్టం కొన్ని జాతుల పేర్లు రాసుకుని, వాళ్లలో పుట్టినవాళ్లంతా నేరస్తులే అన్నది. తర్వాత మన ఎరుకల వారినీ ఆ చట్టం కిందికి తెచ్చారు. 1952లో అది రద్దయింది, చూసే చూపు మాత్రం పూర్తిగా రద్దు కాలేదు. మేము మనుషులను ఎలుకలతో పోల్చడం లేదు. జాబితా రాసే చేతిని గురించి మాట్లాడుతున్నాం. ఆకలి ఎందుకు వచ్చింది, అడవి ఎవరు మూసేశారు అని అడగనక్కరలేకుండా చేయడానికి జాబితా చాలా సులువైన పని. చెత్త షెడ్డులో పనిచేసే మనిషి హోటల్లో కూర్చుంటే పక్కవాళ్లు లేచిపోవడం కూడా ఆ చూపే. చెత్త వాళ్లది కాదు, ఊరిది. వాసన మాత్రం వాళ్ల పేరున రాసి ఉంటుంది.

జంతువులు అన్నీ చెప్పగలవని మేము నమ్మడం లేదు. ఈగ కిలోమీటరు దూరం నుంచి కూడా రాగలదు, పక్కనున్న కోళ్ల ఫారం సంగతిని షెడ్డు దగ్గర చెప్పవచ్చు. ఎలుక లేని ఊరు లేదు, ఒక్క ఎలుకను చూసి తీర్పు చెప్పలేం. చూడవలసింది పెరుగుదల, తగ్గుదల, ఏ కాలంలో, ఏ మూల అన్నది. అంతకంటే పెద్ద లోపం ఇంకోటి ఉంది. జంతువు రాలేదంటే చోటు బాగుందని కాదు. పాత బ్యాటరీలు పగలగొట్టి సీసం కరిగించే చోట ఈగ ఉండదు. అక్కడ దానికి తినడానికి ఏమీ లేదు. కరెంటు తీగలు కాల్చి రాగి తీసే చోట ఎలుకకు పనిలేదు. చూడ్డానికి ఆ స్థలం మన తడి చెత్త తొట్టి కంటే శుభ్రంగా ఉంటుంది. ఆఫ్రికాలోని సెనెగల్ దేశంలో డకార్ నగరం పక్కన తియారోయ్ అనే పేద పేట ఉంది. అక్కడి జనం పాత బ్యాటరీల నుంచి, సీసం కలిసిన మట్టి నుంచి సీసం ఏరి అమ్ముకునేవారు. 2007 నవంబరు, 2008 మార్చి మధ్య 18 మంది పసిపిల్లలు చనిపోయారు. సీసానికి వాసన లేదు. దుమ్ముగా ఇంట్లోకి వస్తుంది, పాకే పిల్లల చేతికి, నోటికి అంటుతుంది. ఆ చోటు గురించి చెప్పడానికి ఈగా లేదు, ఎలుకా లేదు. పిల్లలే చెప్పారు, చచ్చిపోయి చెప్పారు.

సింగరేణి వైపు కోయ పిల్లలకు బొగ్గు గని అంటే ఏమిటో చెప్పనక్కరలేదు. బ్రిటన్ గనుల్లో కార్మికులు పంజరంలో కానరీ పిట్టను పట్టుకుని దిగేవారు. విషవాయువు ఉంటే మనిషి కంటే ముందు పిట్ట సొమ్మసిల్లేది, మనుషులు బయటికి పరుగెత్తేవారు. 1986 దాకా ఈ పద్ధతి ఉంది, తర్వాత యంత్రాలు వచ్చాయి. పిట్టను అలా వాడడం న్యాయమా అన్నది ఒక ప్రశ్న. మాకు ఇంకో ప్రశ్న ఎక్కువ బాధ కలిగిస్తుంది. పిట్టా యంత్రమూ రెండూ లేని చోట ముందుగా సొమ్మసిల్లేది ఎవరు? చేతి తొడుగు లేకుండా బ్యాటరీ పట్టుకున్న మన కుర్రవాడు. అతడు అనారోగ్యం పాలైతేనే ఆ చోటు ప్రమాదమని తేలుతుంది అనుకుని ఊరుకోవడమంటే, అతడిని పంజరంలో పెట్టి దింపడమే. జంతువు చెప్పగలిగిన చోట దాని మాట వినాలి. చెప్పలేని చోట కొలతలు, రక్త పరీక్షలు, మట్టి పరీక్షలు అడగాలి. పాత బ్యాటరీలను తిరిగి సేకరించే బాధ్యతను 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిబంధనలు తయారీదారుల మీద పెట్టాయి. మన షెడ్డులో బ్యాటరీ పగలగొట్టవలసిన అవసరమే లేదు. ఎవరైనా కిలోకి ఇంత ఇస్తాను, పగలగొట్టి సీసం ఇవ్వు అని మన యువకులతో అంటే, ఆ మాటను ఊరి ముందు పెట్టాలి.

తోటి ఉపాధ్యాయులు దీన్ని బడిలో ఎలా చేయవచ్చో రెండు మాటలు. పిల్లలను షెడ్డు లోపలికి పంపవద్దు, చెత్త ముట్టనివ్వవద్దు. లోపలి లెక్క పనిచేసేవారే రాస్తే మంచిది. రాయడం రాకపోతే గీతలు పెట్టినా చాలు. ఎలుక లెక్కకు పొలం పద్ధతే ఉంది. సాయంత్రం కన్నాలన్నీ మట్టితో మూసి, మర్నాడు పొద్దున ఎన్ని తెరుచుకున్నాయో చూడాలి. తెరిచినవే కాపురం ఉన్నవి. ఇది మైదానంలో యానాదుల నుంచి నేర్చుకోవలసిన విద్య. కన్నం నోట్లో మట్టి తాజాగా ఉందా లేదా అని చూసి లోపల ఎలుక ఉందో లేదో చెప్పగల చూపు వారిది. ఈగలకు వెదురు బద్దలు వరుసగా కట్టిన చిన్న చట్రం చాలు. ఈగలు మూగే చోట పెట్టి అర నిమిషంలో ఎన్ని వాలాయో లెక్కపెట్టాలి. ఇలా నాలుగైదు చోట్ల చేసి, వారానికి ఒకసారి, ఒకే వేళకు రాయాలి. అప్పుడే ఈ వారానికీ పై వారానికీ పోలిక కుదురుతుంది. వాన పడిన మూడో రోజున టైర్లు, డబ్బాలు ఎన్నిటిలో తోకపురుగులు ఆడుతున్నాయో చూడాలి.

పిల్లలకు బయట పని చాలా ఉంది. ఇంటింటికీ వెళ్లి పాల ప్యాకెట్టు కడిగి ఇస్తున్నారా, సంత రోజు కోడి వ్యర్థాలు ఎక్కడ పడేస్తున్నారు, పర్యాటకులకు అన్నం పెట్టే హోటళ్లు మిగిలినది ఎవరికి ఇస్తున్నాయి అని రాసుకు రావచ్చు. రెండు పుస్తకాలూ పక్కపక్కన పెడితే ఏ వారం ఈగలు పెరిగాయో, ఆ వారం ఊళ్లో ఏం జరిగిందో కనిపిస్తుంది. మేము చేయించిన కొద్దిపాటి ప్రయత్నంలో సంత మర్నాటి నుంచి పచ్చ ఈగలు పెరగడం పిల్లలే పట్టుకున్నారు. కోడి మాంసం కొట్టే ఇద్దరు వ్యాపారులు గొయ్యి తీసి పూడ్చడానికి ఒప్పుకున్నారు. ఒకరు ఇంకా ఒప్పుకోలేదు.

ఆ పుస్తకాన్ని బడి బీరువాలో దాచవద్దు. షెడ్యూల్డు ప్రాంతాల్లో గ్రామసభకు 1996 పెసా చట్టం బలం ఇచ్చింది. నేల గురించి, అడవి ఫలసాయం గురించి అడిగినట్టే చెత్త గురించీ సభ అడగవచ్చు. సభలో ఆ లెక్కను షెడ్డులో పనిచేసే అక్క చదవాలి, మేము చదవకూడదు. ఈ నెల ఎన్ని కన్నాలు తెరుచుకున్నాయి, మూటలు ఎన్ని రోజులుగా కదల్లేదు, బూట్లు ఎన్ని జతలు వచ్చాయి, బండికి డబ్బు ఎందుకు రాలేదు. సర్పంచి, కార్యదర్శి, హోటలు యజమాని, ప్యాకెట్టు కడగని మన ఇళ్లవాళ్లం అందరం ఎదురుగా కూర్చుని ఉంటాం. ఆమె చదవడం అయ్యాక ఎవరు ముందు నోరు విప్పుతారో చూడాలి.